మీకు తెలుసా? తల్లి బరువుకే పగిలిన గుడ్లు

కాలిఫోర్నియా తీరంలోని అనకాపా దీవిలో 1970లో గోధుమరంగు పెలికాన్లు 552 గూళ్లు పెట్టాయి. బతికిన పిల్ల ఒక్కటే! పెలికాన్ అంటే తెలుగునాట గూడబాతు. ఈ నాశనానికి కారణం వేట కాదు, డీడీటీ. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఆ పురుగుమందు తయారుచేసే కర్మాగారం వ్యర్థాలు మురుగునీటితో కలిసి సముద్రంలోకి చేరేవి. అక్కడి చిన్న చేపల ద్వారా డీడీటీ పక్షుల ఒంట్లోకి వెళ్లి కొవ్వులో పేరుకుపోయేది. దాంతో గుడ్డుపెంకు పలచబడేది. అసలే పెలికాన్ గుడ్లను పాదాల కింద పెట్టుకుని పొదుగుతుంది. తల్లి బరువుకే అవి చితికిపోయేవి. 1972లో అమెరికా డీడీటీని నిషేధించాక పక్షులు మెల్లగా కోలుకున్నాయి. 2009లో వాటిని అంతరించే ముప్పున్న జాతుల జాబితా నుంచి తొలగించారు. అయితే ఆంకోవీ, సార్డీన్ చేపలు కరువైన ఏళ్లలో గూళ్లలో పిల్లలు ఇప్పటికీ తగ్గిపోతుంటాయి.