నాలుగు రూపాయల వడ్డీ

అప్పు ఇచ్చేవాణ్ని వడ్డీ ఎంతని అడిగితే తెలుగునాట శాతాల్లో జవాబు రాదు. రూపాయిన్నర అంటాడు, రెండు అంటాడు, మూడు అంటాడు. నెలకు నూటికి అని విడిగా చెప్పక్కర్లేదు. రూపాయి వడ్డీకి దొరికితే అయినవాళ్లు ఇచ్చినట్టు. రెండు రూపాయలు మామూలు. మూడు రూపాయలంటే అవసరం పీకల మీదికి వచ్చిందని అర్థం. కొడుకు నాలుగు రూపాయల వడ్డీకి నోటు రాసిచ్చాడని తెలిస్తే ఇంట్లో పెద్దవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. అదే కొడుకు పర్సులో నోటూ సాక్షి సంతకమూ లేకుండా అదే వడ్డీకి అప్పు నడుస్తుంటే మాత్రం ఎవరూ ఉలిక్కిపడరు. దాని వడ్డీ రూపాయల్లో ఎవరూ చెప్పలేదు మరి.

చాలా బ్యాంకుల క్రెడిట్ కార్డుల మీద వడ్డీ నెలకు 3.5 నుంచి 3.75 శాతం ఉంటోంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. మూడు రూపాయల ముప్పావలా లెక్కన వేసుకుంటే పన్నుతో కలిపి నూటికి నెలకు నాలుగు రూపాయల నలభై రెండు పైసలు. ఏడాది తిరిగేసరికి నూటికి 53 రూపాయలు, అదీ బారు వడ్డీ లెక్కన. వీధి చివర ఫైనాన్స్ వ్యాపారి కూడా ఈ రేటు చెప్పడానికి కాస్త మొహమాటపడతాడు.

బిల్లు మొత్తం గడువులోగా కట్టేసేవాళ్లకు ఈ లెక్కతో పని లేదు. వాళ్లకు వడ్డీ సున్నా. పైగా నలభై అయిదు, యాభై రోజుల వెసులుబాటు, పాయింట్లు, విమానాశ్రయంలో కాఫీ. ఆ కాఫీ ఖర్చులో కొంత, కట్టలేక మిగిలిపోయినవాళ్ల వడ్డీలోంచే వస్తుంది. ఈ కథనం ఆ మిగిలిపోయినవాళ్ల గురించి.

కార్డు మనకు నిన్న మొన్నటిది కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ఆ పని చేసిన తొలి బ్యాంకుల్లో అదొకటి. (ఆ బ్యాంకే 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.) అప్పట్లో కార్డు చేతికి రావాలంటే హోదా కావాలి. ఇప్పుడు షాపింగ్ మాల్‌లో బల్ల వేసుకుని కూర్చుని, పిలిచి మరీ ఇస్తున్నారు. 2024 మొదట్లో దేశంలో కార్డుల సంఖ్య 10 కోట్లు దాటింది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించుకునే వీలు 2022లో వచ్చాక టిఫిన్ సెంటర్లో ప్లేటు ఇడ్లీ కూడా అప్పు మీద తినొచ్చు. ఈ జోరు చూసి రిజర్వు బ్యాంకుకే గుబులు పుట్టింది. 2023 నవంబరులో, కార్డు అప్పులకు బ్యాంకులు పక్కన పెట్టుకోవాల్సిన మూలధనాన్ని పెంచింది.

కనీస మొత్తం కథ

నెల నెలా వచ్చే బిల్లులో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మొత్తం బాకీ. పక్కనే చిన్నగా, చూడగానే ప్రాణం లేచొచ్చే ‘మినిమమ్ డ్యూ’. లక్ష రూపాయల బాకీకి అది అయిదు వేల చిల్లర. అది కట్టేస్తే ఆలస్య రుసుము ఉండదు, సిబిల్‌లో ఎగవేతగా నమోదు కాదు, బ్యాంకు నుంచి ఫోన్ రాదు. ఇక ఈ నెలకు గండం గడిచినట్టే అనిపిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. కార్డు మీద లక్ష బాకీ ఉందనుకుందాం. కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడలేదు. నెల తిరిగేసరికి వడ్డీ, పన్ను కలిపి 4,425 రూపాయలు చేరి బాకీ 1,04,425 అవుతుంది. అందులో అయిదు శాతం, అంటే 5,221 రూపాయలు కనీస మొత్తంగా కట్టారు. మిగిలింది 99,204. అయిదు వేల పైచిలుకు కడితే అసలులో తగ్గింది ఎనిమిది వందల లోపే. ఇలాగే పన్నెండు నెలలూ తప్పకుండా కడితే జేబులోంచి దాదాపు 60 వేలు పోతాయి. బాకీ ఇంకా 90 వేల 850 ఉంటుంది. కనీస మొత్తాన్ని లెక్కకట్టే తీరు బ్యాంకును బట్టి కొంత మారుతుంది కానీ కథ మారదు.

కనీస మొత్తమే కడుతూ పోతే అప్పు ఏళ్ల తరబడి సాగుతుందని బిల్లు మీద హెచ్చరిక వేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. వేస్తున్నారు కూడా, ఎవరూ చదవని సైజులో. అమెరికాలో 2009 నాటి కార్డ్ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. కనీస మొత్తమే కడితే మీ బాకీ తీరడానికి ఎన్నేళ్లు పడుతుంది, మూడేళ్లలో తీరాలంటే నెలకు ఎంత కట్టాలి అనేవి అంకెలతో సహా బిల్లు మీదే ఉండాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు ఆ అంకెల పెట్టెను ప్రతి నెలా చూస్తారు. ఇక్కడి బిల్లులోనూ అలాంటిదొకటి ఉంటే హెచ్చరిక వాక్యం కన్నా పదింతలు పనిచేసేది.

ఇంతకన్నా తెలియని మెలిక ఒకటుంది. అయిదో తారీఖున ఫ్రిజ్ కొన్నారు, 30 వేలు. గడువు రోజున 29 వేలు కట్టి, వెయ్యి వచ్చే నెల చూద్దాంలే అనుకున్నారు. వడ్డీ వెయ్యికే పడుతుందని ఎవరైనా అనుకుంటారు. చాలా బ్యాంకుల నిబంధనల ప్రకారం బిల్లు పూర్తిగా కట్టకపోతే వెసులుబాటు మొత్తం రద్దవుతుంది. ఫ్రిజ్ కొన్న రోజు నుంచి కట్టిన రోజు దాకా 30 వేల మీదా వడ్డీ వేస్తారు. నలభై అయిదు రోజులకు, పన్నుతో కలిపి, రెండు వేలకు కాస్త తక్కువ. వెయ్యి రూపాయలు ఆపినందుకు దాదాపు రెండు వేలు! అంతటితో ఆగదు. పాత బాకీ ఒక్క పైసా మిగలకుండా తీరేదాకా కొత్తగా కొన్న పాల ప్యాకెట్ మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే సరేసరి. తీసిన క్షణం నుంచి వడ్డీ, పైన రుసుము.

ఇంత వడ్డీ న్యాయమేనా అని కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. ఆవాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 2008 జులైలో జాతీయ వినియోగదారుల కమిషన్, ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని తేల్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. పదహారేళ్ల తర్వాత, 2024 డిసెంబరు 20న, సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. వడ్డీ రేట్ల సంగతి చూడాల్సింది రిజర్వు బ్యాంకు కానీ వినియోగదారుల కమిషన్ కాదంది. కాబట్టి ఈ వడ్డీని ఎవరో వచ్చి తగ్గిస్తారని ఎదురుచూడటం దండగ.

గీకి ఇచ్చే కొట్లు

కట్టలేనివాళ్లు మొదట వెతికేది ఇంకో కార్డు. తర్వాత వెతికేది ‘గీకి’ డబ్బులిచ్చే మనిషిని. హైదరాబాద్‌లో ఈ పని గుట్టుగానే అయినా జోరుగా సాగుతుంది. అతను మీ బిల్లు తన డబ్బుతో కట్టేస్తాడు. లిమిట్ తిరిగి రాగానే అదే కార్డును తన మెషీన్ మీద గీకి తన సొమ్ము తను తీసుకుంటాడు. కమీషన్ వందకు రెండో మూడో రూపాయలు. సరుకు అమ్మకుండానే అమ్మినట్టు గీకడం నిబంధనలకు విరుద్ధం. బ్యాంకు పసిగడితే కార్డు ఆపేస్తుంది.

అయినా జనం ఎందుకు వెళతారంటే, లెక్క వాళ్ల వైపు ఉన్నట్టే కనిపిస్తుంది. బ్యాంకుకు నాలుగున్నర రూపాయలు కట్టే బదులు ఇక్కడ రెండున్నరతో పోతోంది కదా! పోతోంది కానీ అసలులో పైసా తగ్గదు. నాలుగు లక్షల బాకీ మీద నెలకు పదివేలు కమీషన్ కడుతూ, మూడేళ్లయినా అదే నాలుగు లక్షల దగ్గర ఉండొచ్చు. ఒక్క నెల బ్యాంకు లిమిట్ తగ్గించినా, ఆ మనిషి ఫోన్ ఎత్తకపోయినా మొత్తం బాకీ ఒకేసారి మీద పడుతుంది. ఆ నెలలోనే చాలామంది లోన్ యాప్‌లు తెరుస్తారు. వాటి వేధింపులు ఎలా ఉంటాయో 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు పెట్టిన కేసుల్లో లోకమంతా చూసింది.

తీర్చే వరస

తీర్చాలనుకున్నవాళ్లు ముందు చేయాల్సింది కార్డును ఫోన్లోంచి తీసేయడం. షాపింగ్ యాప్‌ల్లో, ఫుడ్ డెలివరీ యాప్‌ల్లో, యూపీఐలో దాచిన కార్డు వివరాలన్నీ చెరిపేయాలి. ఓటీటీ చందాల్లాంటివి నెల నెలా వాటంతటవే కోసుకుంటుంటే ఆపించాలి. బాకీ ఉన్న కార్డు మీద కొత్త ఖర్చుకు వెసులుబాటు లేదు గనక నగదుతో కొనడమే చవక.

తర్వాత వడ్డీ మార్చడం. ఇక్కడ తెలుగు ఇళ్లకు ఒక అనుకూలత ఉంది, వాడుకోవడానికి నామోషీ పడతారంతే. బీరువాలో బంగారం ఉంటుంది. బ్యాంకులో తాకట్టు పెడితే రూపాయి వడ్డీకో, ఇంకా తక్కువకో అప్పు దొరుకుతుంది. అదే లక్ష బాకీని నెలకు పదివేల చొప్పున తీర్చాలనుకుంటే, కార్డు మీద అయితే పద్నాలుగో నెలకు తీరుతుంది, మొత్తం కట్టేది దాదాపు లక్షా 35 వేలు. రూపాయి వడ్డీ బంగారం అప్పుకు మార్చుకుంటే పదకొండో నెలలోనే తీరిపోతుంది, కట్టేది లక్షా ఆరు వేలు. తేడా 29 వేలు. గొలుసు కొన్నాళ్లు లాకర్లో ఉన్నందుకు అంత ఆదా అయితే, పెళ్లికి బోసి మెడతో వెళ్లడం పెద్ద కష్టం కాదు. నగ తాకట్టు పెట్టి కార్డు ఖాళీ చేసి, మళ్లీ కార్డు గీకేవాళ్లకు మాత్రం అప్పులు రెండవుతాయి.

బంగారం లేకపోతే పర్సనల్ లోన్. మంచి జీతం, మంచి సిబిల్ ఉంటే రూపాయి నుంచి రూపాయిన్నర వడ్డీలో దొరుకుతుంది. చీటీ నడుస్తుంటే పాడుకోవచ్చు. కానీ మొదటి నెలల్లో పాట మరీ దిగిపోయి చేతికొచ్చేది తక్కువైతే, ఆ నష్టాన్ని కూడా వడ్డీగానే లెక్కేసి చూసుకోవాలి.

ఇవేవీ కుదరకపోతే బాకీని ఈఎంఐలుగా మార్చమని కార్డు బ్యాంకునే అడగొచ్చు. చాలాసార్లు వాళ్లే ఫోన్ చేస్తారు. “సార్, మీ బిల్లు ఈఎంఐ చేసుకుంటారా, చాలా తక్కువ వడ్డీ సార్” అంటుంది అవతలి అమ్మాయి. వడ్డీ ఎంతమ్మా అని అడిగి ఊరుకుంటే లాభం లేదు. ఫ్లాట్‌గానా, తగ్గే బాకీ మీదా అని అడగాలి. ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ, మధ్యలో తీర్చేస్తే పడే రుసుము అన్నీ కలిపి మొత్తం ఎంత కడతానో చెప్పమ్మా అని అడగాలి. ఆ ఒక్క అంకె తెలిస్తే పోల్చుకోవడం సులువు.

నాలుగైదు కార్డులుంటే దేన్ని ముందు తీర్చాలన్న దాని మీద అమెరికా ఆర్థిక సలహాదారుల మధ్య పెద్ద వాదమే నడుస్తుంటుంది. ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు అంటారు కొందరు, చిన్న బాకీ ముందు అంటారు ఇంకొందరు. మన కార్డుల వడ్డీలన్నీ ఇంచుమించు ఒక్కటే కాబట్టి ఇక్కడ ఆ వాదానికి పెద్దగా పని లేదు. చిన్న బాకీనే ముందు తీర్చి ఆ కార్డు మూసేయడం మేలు. నెలకు ఒక గడువు తేదీ, ఒక ఆలస్య రుసుము భయం తగ్గుతాయి.

ఫోన్లు మొదలైతే

రెండు మూడు నెలలు కట్టకపోతే వసూలు ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. పోలీసులు వస్తున్నారనీ, వారెంటు తయారైందనీ బెదిరిస్తారు. కార్డు బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. దానికదే నేరం కాదు. బాకీకని ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే మాత్రం సంగతి వేరు, కాబట్టి తోచక చెక్కులు రాసివ్వకూడదు. ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటాక ఏజెంట్లు ఫోన్ చేయకూడదు. బంధువులకూ స్నేహితులకూ ఫోన్ చేసి పరువు తీయకూడదు. ఇవి రిజర్వు బ్యాంకు నిబంధనలు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఇంకొంచెం ముదిరితే ‘సెటిల్‌మెంట్’ మాట వస్తుంది. మూడు లక్షల బాకీకి లక్షన్నర కట్టండి, మిగతాది వదిలేస్తాం అంటారు. నిజంగా గతి లేనివాళ్లకు అది ఊరటే. కానీ సిబిల్‌లో ఆ ఖాతా పక్కన ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది. రేపు ఇంటి అప్పుకు వెళితే బ్యాంకు మేనేజరు కన్ను ముందు ఆ మాట మీదే పడుతుంది. ఫోన్‌లో మాట నమ్మి డబ్బు పంపొద్దు. ఎంత కట్టాలి, ఏ తేదీలోగా, కట్టాక ఏమీ బాకీ లేనట్టేనా అన్నది బ్యాంకు లెటర్‌హెడ్ మీద వచ్చాకే కట్టాలి, అదీ ఏజెంటు ఖాతాకు కాకుండా కార్డు ఖాతాకే.

పూర్తిగా తీర్చినవాళ్లకూ ఒక చివరి పని ఉంటుంది. కార్డు మూసేయమని రాతపూర్వకంగా అడిగాక, బాకీ లేకపోతే బ్యాంకు ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే మూసేదాకా రోజుకు 500 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. 2022 నాటి నిబంధన ఇది. నో డ్యూ లెటర్ తీసుకుని, ఓ నెల రెండు నెలలు ఆగి సిబిల్ నివేదిక చూసుకోవాలి. ఏడాదికి ఒకసారి అది ఉచితం. అందులో ఇంకా బాకీ ఉన్నట్టు కనిపిస్తే సరిదిద్దమని ఫిర్యాదు పెట్టొచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల పరిహారం అడిగే హక్కు 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.