షోగ్రెన్ సిండ్రోమ్
థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నారు, థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ అదుపులోనే ఉంది. అయినా నోరు పిడచకట్టుకుపోతోంది, ఒళ్లంతా నిస్సత్తువ. ప్రతి బాధనూ థైరాయిడ్ ఖాతాలో వేసేయడం మనకు అలవాటే. కానీ హషిమోటో థైరాయిడ్ ఉన్న కొందరికి షోగ్రెన్ కూడా తోడవుతుంది. రెండింటిలోనూ రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే తిరగబడుతుంది. షోగ్రెన్‌లో దెబ్బతినేవి ముఖ్యంగా లాలాజల, కన్నీటి గ్రంథులు. స్వీడన్ కంటివైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో దీన్ని వివరించారు. బాధితుల్లో అత్యధికులు మహిళలే. టెన్నిస్ తార వీనస్ విలియమ్స్ 2011 యూఎస్ ఓపెన్ నుంచి తప్పుకున్నది దీనివల్లే. మధుమేహం, కొన్ని అలర్జీ మాత్రలు కూడా ఇలాగే నోరు ఎండగట్టి నీరసం తెస్తాయి. ముందు వాటినీ చూసుకోవాలి. కళ్లలో ఇసుక పడ్డట్టు కూడా ఉంటే, షోగ్రెన్ నిర్ధారణకు చేసే యాంటీ-రో రక్తపరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి. థైరాయిడ్ మాత్ర మోతాదు మాత్రం సొంతంగా పెంచుకోవద్దు.