పొడవాటి ఆంగ్ల పదం.. ఊనిక ఎక్కడ?

విషయ పరిజ్ఞానం ఉంది. మార్కులూ బాగానే వచ్చాయి. అయినా మౌఖిక పరీక్షలో 'డెవలప్‌మెంట్', 'పారామీటర్', 'ఎక్విప్‌మెంట్' వంటి పదాలు పలకగానే ఎదుటివారు 'మరోసారి చెప్పండి' అంటున్నారు. తెలుగు మాధ్యమంలో చదివి ఇంజినీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ కోర్సుల్లో చేరిన గ్రామీణ విద్యార్థులు పలువురికి ఎదురయ్యే అనుభవమిది. ఒకటికి రెండుసార్లు ఇలా జరిగితే తెలిసిన సమాధానం చెప్పడానికీ జంకుతారు. లోపం చదువులో లేదు. పదంలో ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో పాఠశాలలో ఎవరూ చెప్పకపోవడమే అసలు కారణం. ఈ ఒత్తి పలకడాన్నే భాషాశాస్త్రంలో 'ఊనిక' అంటారు.

తేడా ఇక్కడే..

తెలుగులో రాసినట్టే పలుకుతాం. ప్రతి అచ్చుకూ దాని విలువ దానికి దక్కుతుంది. ఛందస్సులో గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒక మాత్ర. ఏది గురువో, ఏది లఘువో అక్షరాన్ని చూసి చెప్పవచ్చు. ఆంగ్లంలో ఆ సదుపాయం లేదు. పదంలో ఒక అక్షరం మాత్రమే ప్రధానంగా బిగ్గరగా, కాస్త సాగి, హెచ్చు స్థాయిలో వినిపిస్తుంది. ఊనిక లేని చోట అచ్చులు చాలావరకు బలహీనపడి, 'అ'కారానికి దగ్గరగా నలిగిపోతాయి. ఇక్కడ అక్షరమంటే స్పెల్లింగులోని అక్షరం కాదు, ఒక్క ఊపున పలికే భాగం.

'డి-వె-లప్-మెంట్'లో ఊనిక రెండో అక్షరం 'వె' మీద ఉండాలి. మనవారు మొదటి అక్షరాన్ని ఒత్తుతారు. 'ఇ-క్విప్-మెంట్'లో 'క్విప్', 'కం-పో-నెంట్'లో 'పో' ఒత్తి పలకాలి. పారామీటర్‌ను 'పారా', 'మీటర్' అని రెండు ముక్కలు చేయకూడదు. 'ప-ర్యా-మి-టర్' అంటూ 'ర్యా'ను ఒత్తాలి. ఊనిక మారితే ఒక్కోసారి వ్యాకరణమే మారుతుంది. 'రికార్డ్' అనే మాటలో మొదటి అక్షరాన్ని ఒత్తితే నామవాచకం, రెండోదాన్ని ఒత్తితే క్రియ.

హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా ప్రారంభమైన సంస్థ 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఆ సంస్థ ఆచార్యుడు ఆర్.కె. బన్సల్ భారతీయుల ఆంగ్లం ఇతరులకు ఎంతవరకు అర్థమవుతోందో పరిశీలించి, 1969లో అధ్యయనం ప్రచురించారు. అర్థం కాకపోవడానికి ఆయన గుర్తించిన ముఖ్య కారణాల్లో ఊనిక తప్పడం ఒకటి.

చివరి నుంచి లెక్కించాలి

సాంకేతిక పదాలు ఎంత పొడవున్నా భయపడనక్కరలేదు. వాటిలో అధిక భాగం గ్రీకు, లాటిన్ మూలాల నుంచి వచ్చినవే. పదం చివర ఉన్న ప్రత్యయమే ఊనిక చోటును చెబుతుంది.

* 'షన్', 'ఇక్' అని ముగిసే పదాల్లో దానికి ముందున్న అక్షరాన్ని ఒత్తాలి. ఆటోమేషన్‌లో 'మే', కాలిబ్రేషన్‌లో 'బ్రే', హైపర్‌టెన్షన్‌లో 'టెన్', ఎలక్ట్రానిక్‌లో 'ట్రా'.

* 'లజీ', 'గ్రఫీ', 'స్కోపీ', 'ఇటీ' అని ముగిస్తే చివరి నుంచి మూడో అక్షరం. టెక్నాలజీలో 'నా', ఫొటోగ్రఫీలో 'టా', ఎలక్ట్రిసిటీలో 'ట్రి'.

* 'ఇకల్' అని ముగిస్తే దానికి ముందున్న అక్షరం. మెకానికల్‌లో 'కా', టెక్నలాజికల్‌లో 'లా'.

* వైద్య పదాల్లో వాపును సూచించే 'ఐటిస్'లో 'ఐ' స్వరం మీద, తొలగింపు శస్త్రచికిత్సను సూచించే 'ఎక్టమీ'లో 'ఎక్' మీద ఊనిక. అపెండిసైటిస్‌లో 'సై', టాన్సిలెక్టమీలో 'లెక్'.

ఒకే కుటుంబానికి చెందిన పదాల్లోనూ ఊనిక చోటు మారుతుంది. 'ఎండోస్కోప్'లో మొదటి అక్షరం, 'ఎండోస్కోపీ'లో రెండోది, 'ఎండోస్కోపిక్'లో మూడోది. పరికరాల విషయంలో మరో మెలిక ఉంది. థర్మామీటర్, బారోమీటర్‌లలో ఊనిక రెండో అక్షరం మీద ఉంటుంది. చివరి 'మీటర్' కుదించుకుపోయి 'మిటర్' అవుతుంది. కొలత ప్రమాణమైన సెంటీమీటర్‌లో, ప్రయోగశాలలో వాడే వోల్ట్‌మీటర్, అమ్మీటర్‌లలో మొదటి అక్షరాన్నే ఒత్తుతారు.

మినహాయింపులూ ఉన్నాయి

'షన్'ను పోలిన ముగింపు ఉన్నా టెలివిజన్‌లో మొదటి అక్షరాన్నే ఎక్కువమంది ఒత్తుతారు. గణితాన్ని సూచించే 'అరిథ్మెటిక్'లో ఊనిక రెండో అక్షరం 'రి'కి దక్కుతుంది. దేశాన్ని బట్టి కూడా తేడా వస్తుంది. లేబొరేటరీలో బ్రిటిష్ వారు రెండో అక్షరాన్ని, అమెరికన్లు మొదటి అక్షరాన్ని ఒత్తుతారు. రెండూ సరైనవే. ఏదో ఒక పద్ధతికి కట్టుబడి ఉంటే చాలు.

సాధన ఇలా..

నిఘంటువులో ఉచ్చారణ చూపేచోట ఒక అక్షరానికి ముందు పైభాగాన చిన్న నిలువు గీత ఉంటుంది. ఆ గీత తర్వాతి అక్షరమే ఒత్తి పలకాల్సినది. కింది భాగాన గీత ఉంటే అది ద్వితీయ ఊనిక, అంటే కొంచెం తక్కువ ఒత్తు. పొడవాటి పదాన్ని చివరి నుంచి కట్టుకుంటూ రావడం మేలైన పద్ధతి. 'టి', 'సిటి', 'ట్రిసిటి', 'లెక్ట్రిసిటి', 'ఇలెక్ట్రిసిటి' అంటూ ఒక్కో అక్షరం చేరుస్తూ పోవాలి. ఒత్తాల్సిన చోట బల్లపై వేలితో తట్టాలి. సెల్‌ఫోన్‌లోని నిఘంటువుల్లో ఉచ్చారణ వినే వీలుంది కనుక విని సరిచూసుకోవాలి. రోజుకు పది పాఠ్య పదాలను నోటు పుస్తకంలో రాసి, ఊనిక అక్షరం కింద గీత గీసుకుంటే ఒక సెమిస్టరులోనే ఆ సబ్జెక్టు పదాలన్నీ నోటికి అలవడతాయి.

విదేశీ ఉద్యోగాలకు వెళ్లే నర్సులు, ఇంజినీర్లకు ఇది మరింత అవసరం. ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్షలో మార్కులు నిర్ణయించే నాలుగు అంశాల్లో ఉచ్చారణ ఒకటి. యాసను వదులుకోవాలని ఆ పరీక్ష కోరదు. చెప్పింది తేలికగా అర్థం కావాలనే కోరుతుంది. మాటలో తెలుగుదనం ఉన్నా ఇబ్బంది లేదు. ఊనిక సరైన చోట పడితే చాలు.