తాగుడుకెంత? మాన్పించడానికెంత? ఒక ఇంటి లెక్క

విత్తనానికి ఎంతయింది, డీఏపీ బస్తాకు ఎంత పెట్టాం, కోత మిషనుకు గంటకు ఎంత ఇచ్చాం అని అడిగితే రైతు తడుముకోకుండా చెబుతాడు. పోయిన ఏడాది మందుకు ఎంతయిందని అడిగితే మాత్రం చెప్పలేడు. అది ఏ పద్దులోనూ రాయడు కాబట్టి. రోజూ కొంచెం కొంచెం పోయేదే కదా అనుకుంటాడు. పంట అమ్మిన డబ్బు చేతికొచ్చిన రోజు మొదలై, మళ్లీ అప్పు పుట్టే దాకా సాగే ఈ ఖర్చు ఎరువుల ఖర్చును మించిపోయిన ఇళ్లున్నాయి. ఈ వారం ఆ లెక్క వేద్దాం. తాగుడు మాన్పించడానికి ఎంతవుతుంది, ఎక్కడికి వెళ్లాలి, ఏ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది అన్నవి కూడా తెలుసుకుందాం.

మన రాష్ట్రంలో ఎంతమంది?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తాగుతారు. పల్లెలు మాత్రమే తీసుకుంటే ఇది 49 శాతం. అంటే ఊళ్లో ఇద్దరిలో ఒకరన్న మాట. దేశం మొత్తం మీద ఈ లెక్క 19 శాతమే. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. మన పల్లెల్లో ఆడవాళ్లలోనూ 9 శాతం మంది తాగుతున్నట్టు తేలింది. కల్లు తాగడం ఇక్కడ పాత అలవాటు కావడం దీనికి ఒక కారణం.

తాగేవాళ్లంతా తాగుడుకు బానిసలు కారు. పండక్కో పెళ్లికో తాగి ఊరుకునేవాళ్లూ ఇందులో ఉన్నారు. అయితే మద్యం లేనిదే పూట గడవని వారు దేశంలో 2.9 కోట్ల మంది ఉన్నట్టు కేంద్ర ప్రభుత్వం 2019లో వెలువరించిన సర్వే అంచనా వేసింది. ఇలాంటి వారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని, ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేది 180 మందిలో ఒక్కరేనని అదే సర్వే తేల్చింది. మిగతావాళ్లు ఏమవుతున్నారో ప్రతి ఊరికీ తెలుసు.

దుకాణం మూసేస్తే సరిపోతుందా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు చదువుకోడానికి వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం అమలైంది. 1997లో దాన్ని సడలించారు. ఆ ఆడవాళ్ల పోరాటం తక్కువేమీ కాదు. కానీ చట్టం దుకాణాన్ని మూయగలదే గాని, అప్పటికే తాగుడుకు అలవాటుపడ్డ ఒంటికి వైద్యం చేయలేదు. ఆ పని డాక్టరు చేయాల్సిందే.

అలవాటా? జబ్బా?

డాక్టర్లు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. మీకు మీరే వేసుకుని నిజం చెప్పుకోండి.

1. తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా?
2. తాగుతున్నావని ఎవరైనా అంటే కోపం వస్తోందా?
3. తాగినందుకు తప్పు చేశానన్న బాధ కలిగిందా?
4. పొద్దున లేవగానే చేతుల వణుకు తగ్గడానికో, తలనొప్పి పోవడానికో తాగాల్సి వస్తోందా?

రెండింటికి అవునన్న జవాబు వస్తే డాక్టరును కలవాల్సిందే. నాలుగోదానికి అవునంటే ఇక ఆలస్యం చేయొద్దు. ఇది సిగ్గుపడే విషయం కాదు. షుగరు, బీపీ లాగే ఇదీ ఒక జబ్బు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కూడా మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక ఇబ్బందులను జబ్బుగానే లెక్కిస్తుంది.

సీసాలో ఏముంది? ముంతలో ఏముంది?

విస్కీ, బ్రాందీ సీసా మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో దాదాపు 60 గ్రాముల అసలు ఆల్కహాలు ఉంటుందన్న మాట. 'ఒక్క క్వార్టరే కదా' అనుకునేది ఇంత. 'బీరు మందే కాదు' అనే మాటా నిజం కాదు. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో 40 గ్రాములకు పైగా ఉంటుంది. ఇంత వరకు తాగితే ఏమీ కాదని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

కల్లు సంగతి వేరు. చెట్టు నుంచి దించిన కల్లుతో ఒక తంటా అయితే, కల్తీ కల్లుతో మరో తంటా. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ ఉన్న చోట నీళ్లలో మత్తుమందు కలిపి కల్లుగా అమ్మేవాళ్లు తయారయ్యారు. ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ ఇందులో కలుపుతారు. ఇవి తాగినవాళ్లు కల్లుకు కాదు, ఆ మందుకు బానిసలవుతారు. ఒక్కసారిగా దొరకకపోతే నిద్ర పట్టదు, మతి తప్పినట్టు మాట్లాడతారు, ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లోనూ, 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రిలోనూ ఇలాంటి రోగులే బారులు తీరారు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు 'కల్లు తాగుతాడు' అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఎక్కడి కల్లు, రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా అన్నది చెప్పండి. వైద్యం దాన్నిబట్టే ఉంటుంది.

ఇక లెక్క వేద్దాం

కింద వేసిన ధరలు ఒక ఉదాహరణ మాత్రమే. మీ ఊళ్లో ఎంతుంటే అంత వేసుకోండి. బెల్టు షాపులో కొంటే ఇంకా ఎక్కువే అవుతుంది.

తాగుడుకు ఏడాదికి:
- రోజుకు ఒక క్వార్టరు, రూ.150 చొప్పున 365 రోజులకు: రూ.54,750
- తాగి పనికి పోలేని రోజులు నెలకు రెండే అనుకున్నా 24 రోజులు, రోజుకు రూ.500 చొప్పున: రూ.12,000
- ఇందులో రూ.30,000 అప్పు తెచ్చి ఉంటే, నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున ఏడాదికి: రూ.7,200
- మొత్తం: రూ.73,950

పీఎం కిసాన్ కింద రైతుకు ఏడాదికి వచ్చేది రూ.6,000. ఒక్క సీసా ఖర్చే తొమ్మిదేళ్ల పీఎం కిసాన్ సొమ్ముతో సమానం.

సర్కారు దవాఖానాలో మాన్పించడానికి ఏడాదికి:
- పది రోజులు ఆసుపత్రిలో ఉంటే రోగికి, తోడున్నవారికి పోయే కూలి: రూ.10,000
- ఆ పది రోజుల తిండి, చార్జీలు రోజుకు రూ.300 చొప్పున: రూ.3,000
- ఆ తర్వాత నెలకోసారి చూపించుకోడానికి కూలి, చార్జీలు కలిపి రూ.700 చొప్పున 12 సార్లు: రూ.8,400
- దవాఖానాలో దొరకని మందులు బయట కొనాల్సి వస్తే నెలకు రూ.300 చొప్పున: రూ.3,600
- మొత్తం: రూ.25,000

అంటే తాగుడుకయ్యే దాంట్లో మూడో వంతు. అదీ ఒక్క ఏడాదికే. తాగుడు ఖర్చు ఏటేటా ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి, తోడు వెళ్లే అమ్మకో భార్యకో ఆ చార్జీ కూడా మిగులుతుంది. కాలేయం చెడిపోయాక అయ్యే ఖర్చు ఈ లెక్కలో వేయలేదు. అది మొదలైతే లెక్క పొలం అమ్మడం దాకా పోతుంది.

ఇంట్లో ఒక్కసారిగా మాన్పించకండి

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. దేవుడి ముందు ఒట్టు వేయించి, గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషికి మద్యం ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల లేని మనుషులు కనబడటం, పురుగులు పాకుతున్నాయని దులుపుకోవడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం వంటివి వస్తాయి. దీన్ని గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ప్రాణం పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో బి1 విటమిన్ ఇంజెక్షను, వణుకు, ఫిట్స్ తగ్గించే మందులు ఇచ్చి, మోతాదు మెల్లగా తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఒంటిని కుదురుకునేలా చేస్తారు.

మరో పొరపాటు, 'తెలియకుండా మాన్పించే పొడి'. అన్నంలోనో చాయ్‌లోనో కలిపి ఇవ్వమని అమ్ముతారు. డైసల్ఫిరాం అనే మందు వేసుకున్న మనిషి మద్యం తాగితే ఒళ్లు మండిపోయి, వాంతులై, గుండె దడ వచ్చి, బీపీ పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. ఈ మందు రోగికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే డాక్టరు ఇవ్వాలి. పొడిలో ఏం కలిసిందో తెలియకుండా ఎవరికీ పెట్టకండి.

గుడుంబాయో, ఊరూపేరూ లేని సారానో తాగాక చూపు మసకబారితే అది విషమని గుర్తించండి. పడుకుంటే తగ్గుతుందని చూడొద్దు. గంటల్లో కళ్లు పోతాయి.

ఎక్కడికి వెళ్లాలి?

- ముందుగా మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించండి. ఎక్కడికి పంపాలో ఆయన చెబుతారు.
- జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఏయే రోజుల్లో చూస్తారో కనుక్కుని వెళ్లండి. ఉత్త ప్రయాణం తప్పుతుంది.
- హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం ప్రభుత్వానిదే. జబ్బు ముదిరినవారికి అక్కడ చేర్చుకుని వైద్యం చేస్తారు.
- మత్తు మాన్పించే సలహాల కోసం 14446కు, మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. రెండింటికీ పైసా ఖర్చు కాదు. 14416లో తెలుగులోనే మాట్లాడతారు.
- ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు ఫీజు ఉండదు. తాగుడు మానినవాళ్లే అక్కడ తోడు నిలుస్తారు.

ప్రైవేటు కేంద్రమే అయితే చేర్చే ముందు ఇవి అడగండి: ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉందా? మానసిక వైద్యుడు రోజూ వస్తాడా? మందులు, పరీక్షల ఖర్చు నెల ఫీజులో కలిసిందా? మధ్యలో తీసుకుపోతే అడ్వాన్సు తిరిగిస్తారా? ఇంటివాళ్లు వచ్చి చూడొచ్చా? గొలుసులతో కట్టేయడాన్ని 2017 చట్టం నిషేధించింది. అలాంటి చోట ఒక్క రోజు కూడా ఉంచకండి. దీని కోసం పొలం తాకట్టు పెట్టాల్సిన అవసరమూ లేదు. ముందు సర్కారు దవాఖానా తలుపు తట్టండి.

మళ్లీ తాగితే?

కలుపు ఒక్కసారి తీస్తే పోదు కదా. మానినవాళ్లలో చాలామంది మొదటి ఏడాదిలో మళ్లీ ఒకసారి తాగుతారు. అంతమాత్రాన పెట్టిందంతా బూడిదలో పోసినట్టు కాదు. ఆ రోజే డాక్టరుకు చెప్పి మళ్లీ మొదలుపెట్టాలి. తాగాలన్న యావ తగ్గించే మందులున్నాయి. వాటిని నెలల తరబడి వాడాలి. బాగానే ఉందని మధ్యలో ఆపొద్దు.

ఇంట్లోవాళ్లు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. తాగి ఉన్నప్పుడు గొడవ పడకండి. ఏం చెప్పినా పొద్దున చెప్పండి. పంట డబ్బు మొత్తం ఒకరి చేతిలోనే ఉండకుండా, సగమైనా భార్య పేరు మీదున్న ఖాతాలో వేయించండి. అన్నిటికంటే ముఖ్యం, పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి. విడిగా పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తాగే మనిషికి అందకుండా చూడండి. మత్తులో, అవమానంలో చేతికందిన డబ్బా ఎన్నో ఇళ్లను ఆర్పేసింది.

రెండు పంటల మధ్య కాస్త తీరిక దొరికే రోజులు ప్రతి రైతుకూ ఉంటాయి. కూలి నష్టం తక్కువుండే ఆ పది రోజులు వైద్యానికి పెట్టుకోండి. కానీ పొద్దున చేతులు వణుకుతుంటే మాత్రం తీరిక కోసం చూడొద్దు, రేపే బయల్దేరండి. రాత్రికి పలకో నోటు పుస్తకమో తీసి పైన వేసినట్టు మీ ఇంటి లెక్క వేయండి. ఆ అంకె ఇంటిల్లిపాదికీ చూపించండి.