అరువొచ్చిన ‘అవు’

స్టాక్‌హోమ్‌లో కాఫీ తాగి బిల్లు ఎంతో తెలుసుకోవాలంటే ‘హుర్ ముక్కె బ్లీర్ దే?’ అంటారు. ‘ఎంతవుతుంది?’ అని. అచ్చం మన కిరాణా కొట్టు ముందు నిలబడి అడిగినట్టే. టీచరవుతాను, ఆలస్యమవుతుంది, పెళ్ళయి పదేళ్ళవుతుంది: మన ‘అవు’ చేసే పనుల్లో చాలావాటికి స్వీడిష్‌లో ‘బ్లీ’యే దిక్కు. నార్వేలోనూ అదే మాట, డెన్మార్క్‌లో ‘బ్లీవె’. పూటకు పాతికసార్లు నోట్లో నలిగే ఈ క్రియ నిజానికి ఆ ఇంట పుట్టింది కాదు.

14, 15 శతాబ్దాల్లో బాల్టిక్ సముద్ర వ్యాపారమంతా ఉత్తర జర్మన్ నగరాల కూటమి అయిన హాన్సా వర్తకుల గుప్పిట్లో ఉండేది. ల్యూబెక్ వాళ్ళ రాజధానిలాంటిది; నార్వేలోని బెర్గెన్ రేవులో వాళ్ళకో పెద్ద కొఠీ. స్టాక్‌హోమ్ నగరసభలో సగం దాకా స్థానాలు జర్మన్లకే అన్న పద్ధతి 1471 వరకు నడిచింది. ఉప్పుతో పాటు వాళ్ళ భాష ‘లో జర్మన్’ (Low German) మాటలూ దిగుమతయ్యాయి. చెల్లించడానికి స్వీడిష్‌వాళ్ళు అనే ‘బెతాలా’ అలా వచ్చిందే. ఇలాంటి మాటలు అరువు తెచ్చుకోవడం ఏ భాషకైనా మామూలే. ‘అవు’లాంటి క్రియను తెచ్చుకోవడమే అరుదు.

‘బ్లీ’కి మూలమైన ఆ జర్మన్ మాటకు అసలర్థం ‘ఉండిపోవు, మిగులు’. మిగలడం అవడమెలా అయింది? మన వాక్యమే చూడండి: ‘భార్య పోయాక ఒంటరిగా మిగిలిపోయాడు.’ ఒంటరివాడయ్యాడనేగా! ఆ సందులోంచే అర్థం జారింది. పాత అర్థమూ పూర్తిగా పోలేదు. నార్వేలో ‘బ్లీ హేర్’ అంటే ‘ఇక్కడే ఉండు’.

దీని మూలం సంస్కృత ‘లిప్’ ధాతువుకు చుట్టం. పూయడం, అంటుకోవడం అని అర్థం; మన ‘లేపనం’ అందులోంచి వచ్చిందే. అంటుకున్నది మిగులుతుంది కదా! మొదట ఉన్న ‘బ్’ మాత్రం ఉపసర్గ, అచ్చు రాలిపోయి ధాతువుకు అతుక్కుపోయింది.

మరి అంతకుముందు ఆ పని చేసిన సొంత క్రియ? ‘వార్దా’. ‘తిరుగు’ అనే మూలం నుంచి పుట్టి, మన ‘వర్తించు’, ‘ఆవర్తనం’లకు వరసకు అన్నదమ్ములయ్యే మాట. ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ అదే (వెర్దా) రాజ్యమేలుతోంది. నార్వేలోని రెండు రాత రూపాల్లో నీనోర్స్క్ అనేది ‘వెర్తా’నూ ‘బ్లీ’నీ రెండింటినీ ఒప్పుకుంటుంది. స్వీడన్ పుస్తకాల్లో భూతకాలం ‘బ్లేవ్’. కానీ అక్కడ చాలామంది మాటల్లో మాత్రం ఈనాటికీ ‘వార్త్’ అనే అంటారు. వర్తమానంలో జర్మన్ మాట, భూతకాలంలో తాతల మాట.