గోడను మూయకండి, నీటిని మళ్ళించండి

హైదరాబాదు పాతబస్తీ గల్లీలలో ఒక వింత కనిపిస్తుంది. పెద్దల కాలంలో మెట్లెక్కి ప్రవేశించిన ఇళ్ళలోకి నేడు మనం మెట్లు దిగి ప్రవేశిస్తున్నాం. ఇల్లు కుంగలేదు, వీధి పెరిగింది. పాత రోడ్డును తవ్వకుండా దానిపైనే కొత్త పొరలు వేస్తూ పోవడం వల్ల ఒకప్పుడు నేలకు ఎత్తుగా ఉన్న గదులు సగం నేలమాళిగలుగా మారాయి. అసలు తహఖానాలున్న ఇళ్ళ పరిస్థితి చెప్పనక్కరలేదు. సున్నం పెచ్చులూడడం, గోడపై తెల్లని ఉప్పు పూయడం, మూలల్లో నల్లని బూజు, గూళ్ళలో దాచిన గ్రంథాలకు ముక్కవాసన ఆ ఇళ్ళ వారందరికీ పరిచితమే.

దీనికి మనం చేసే చికిత్స ఏమిటి? రమజాన్‌కు ముందో, ఇంట్లో పెళ్ళి కుదిరినప్పుడో మేస్త్రీని పిలిపించి, పాత గచ్చు చెక్కించి సిమెంటు పూయిస్తాం. దానిపై ఖరీదైన ప్లాస్టిక్ పెయింటు వేయిస్తాం. మరికొందరు టైల్సు అతికిస్తారు, లేదా ప్లైవుడ్ పలకలు బిగిస్తారు. కొన్ని నెలలు గోడ అందంగానే ఉంటుంది. వానాకాలం రాగానే మచ్చ మళ్ళీ కనిపిస్తుంది, ఈసారి మరో మూర పైన! ఖర్చు వృథా అయింది, రోగం పెరిగింది.

ఇలా ఎందుకవుతుందో అర్థం చేసుకోవాలి. పాత గోడలు రాతితోనో, ఇటుకతోనో, డంగు సున్నంతో కట్టినవి. పునాదికీ గోడకూ నడుమ చెమ్మను ఆపే పొర వాటిలో సాధారణంగా ఉండదు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఆ గోడ నేలలోని తడిని పైకి పీలుస్తుంది. సున్నపు గచ్చు సన్నని రంధ్రాలు గలది గనుక ఆ తడి గాలిలోకి ఆరిపోతూ ఉంటుంది. 1591లో నిర్మించిన చార్మినార్ మొదలు సామాన్యుల పెంకుటిళ్ళ దాకా మన పూర్వులు సున్నాన్నే నమ్ముకున్నారు. దానిపై సిమెంటు పూస్తే తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడది గోడలోపలే పైకి పాకుతుంది. తనతో తెచ్చిన లవణాలను పూత వెనుక పేరుస్తుంది. ఆ లవణాలు గట్టిపడి ఉబ్బి పూతను తోసివేస్తాయి.

కాబట్టి మొదటి పని పూత కాదు, పరిశీలన. మచ్చ నేలనుండి సమంగా ఒక గీతలా, సాధారణంగా మూడు నాలుగు అడుగుల లోపు ఎత్తులో ఉంటే అది నేల చెమ్మ. వాన కురిసినప్పుడే కనిపిస్తే బయటి పగులో, కప్పు తూమో కారణం. ఎండాకాలంలోనూ ఒకేచోట తడిగా ఉంటే పైపు, సంపు, స్నానాలగది, వజూ చేసే చోటు పరీక్షించాలి. ఒక మూరెడు పాలిథీన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనుక తడి చేరితే అది గోడలోనిది. గదివైపు చేరితే అది గాలిలోని ఆవిరి. ఈ రెండవదానికి కిటికీ తెరవడం, తడిబట్టలు బయట ఆరవేయడమే మందు.

కారణం తెలిశాక పని బయటినుండి ప్రారంభించాలి. కప్పు నీరు గోడ మొదట్లో పడకుండా పైపుతో దూరంగా మళ్ళించాలి. గోడను ఆనుకుని పేరిన మట్టిని తీసి, నేలకు బయటివైపు వాటం ఇవ్వాలి. స్థలముంటే గోడ వెంబడి కందకం తీసి, అడుగున రంధ్రాల పైపు వేసి కంకరతో నింపితే నీరు గోడను చేరకముందే తప్పుకుంటుంది. అయితే ఆ కందకం పునాది అడుగుకంటే లోతుకు పోరాదు. ఒకేసారి పొడవునా తవ్వరాదు. ఇంజనీరు సలహా తప్పనిసరి. ఉమ్మడి గోడ అయితే పొరుగువారితో కలిసి పని చేయించాలి. మన పెరటి నీరు వారి గోడను నాననివ్వడం పొరుగు హక్కుకు భంగమే.

లోపల, మచ్చకు అడుగున్నర పైవరకు సిమెంటు పూతను మెల్లగా చెక్కించాలి. ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి, కడగరాదు. కడిగితే అది తిరిగి గోడలోకే ఇంకుతుంది. ఆ తరువాత ఓపిక కావాలి. గోడ మందంలో అంగుళానికి ఒక నెల చొప్పున ఆరుతుందన్నది నిపుణుల స్థూలమైన అంచనా. ఆ లెక్కన అడుగున్నర గోడకు ఏడాదిన్నర! పండుగ తేదీ చూసుకుని తొందరపడితే శ్రమంతా వృథా.

ఆరిన గోడకు సున్నం, ఇసుక కలిపిన గచ్చునే పూయించాలి. ఒక్కొక్క పొర అర అంగుళానికి మించకుండా, తడి గోనెపట్టాలు కప్పి నెమ్మదిగా గట్టిపడనివ్వాలి. “గట్టిదనానికి కాస్త సిమెంటు కలుపుదాం” అని మేస్త్రీ అంటే అంగీకరించకండి. పైన సున్నపు వెల్లయే చాలు. సున్నం కళ్ళను, చర్మాన్ని కాలుస్తుంది గనుక పని జరిగేచోటికి పిల్లలను రానివ్వకూడదు. బీరువాలు, పుస్తకాల అరలు గోడకు జానెడు దూరంలో ఉంచాలి. పలకలు బిగించి తీరాలనుకుంటే గోడకూ పలకకూ నడుమ ఖాళీ వదిలి, పైనా కిందా గాలి ఆడే రంధ్రాలు ఉంచాలి.

భూగర్భజలమే పొంగివచ్చే నిజమైన తహఖానాకు ఈ పద్ధతి చాలదు. నీటిని తోడివేసే ఏర్పాటుతో కూడిన నిపుణుల పని అవసరం. అది సాధ్యం కానప్పుడు ఆ గదిని నివాసానికి వాడకపోవడమే క్షేమం.

ఇదంతా గోడ అందం కోసం కాదు. చెమ్మకూ, బూజుకూ ఉబ్బసంతోనూ ఇతర శ్వాస రుగ్మతలతోనూ సంబంధమున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. మన ఇళ్ళలో కింది గది ఎవరిది? మెట్లెక్కలేని ముసలి తల్లిదండ్రులది, బాలింతది, పసిబిడ్డది. తమకు ఊపిరి ఆడడం లేదని వారిలో కొందరు చెప్పలేరు, కొందరు చెప్పరు. రంగు డబ్బాకు డబ్బు తీసేముందు ఒక్కసారి ఆ గదిలోకి వెళ్ళి, మంచం పక్కనున్న గోడను అరచేతితో తాకి చూడండి.