చదువుతోపాటు సంపాదన – వృత్తి ఎంపికకు తొలి పరీక్ష
(కళాశాల విద్యార్థులకు పారితోషికంతో కూడిన స్వల్పకాలిక ప్రాజెక్టు పనులపై అవగాహన వ్యాసం)

డిగ్రీ చదువుతున్న విద్యార్థిని "తరువాత ఏమి చేయదలచుకున్నావు?" అని ప్రశ్నిస్తే సాధారణంగా ఒక ఉద్యోగం పేరు సమాధానంగా వస్తుంది. ఆ ఉద్యోగంలో ఉదయం నుంచి సాయంత్రం వరకు చేయవలసిన పని ఏమిటో దగ్గరగా చూసినవారు మాత్రం అరుదు. మూడేళ్ల చదువు, తల్లిదండ్రుల కష్టార్జితం వెచ్చించిన తరువాత, ఎంచుకున్న వృత్తి తన స్వభావానికి సరిపడదని తెలుసుకోవడం ఏ కుటుంబానికైనా భారమే. ఆ పరీక్షను ముందుగానే, తక్కువ కాలంలో, ఖర్చు లేకుండా జరుపుకొనే అవకాశాన్ని పారితోషికంతో కూడిన స్వల్పకాలిక ప్రాజెక్టు పని కల్పిస్తుంది.

ప్రాజెక్టు పని అంటే...

ఒక సంస్థకు అవసరమైన చిన్న పనిని నిర్ణీత గడువులో, ముందుగా అంగీకరించిన మొత్తానికి పూర్తిచేసి ఇవ్వడమే ఈ విధానం. అమెరికాలో మైక్రో ఇంటర్న్‌షిప్ అనే పేరుతో ఇది వ్యాప్తి చెందింది. అక్కడ ఇటువంటి పనులు సాధారణంగా 10 నుంచి 40 గంటలలో ముగుస్తాయి. చదువుకుంటూ సంపాదించుకొనే పద్ధతి ఆ దేశానికి కొత్త కాదు. 1964 నాటి ఆర్థిక అవకాశాల చట్టం ద్వారానే అవసరంలో ఉన్న కళాశాల విద్యార్థులకు వేతనంతో కూడిన పని కల్పించే ఫెడరల్ వర్క్‌స్టడీ కార్యక్రమం ప్రారంభమయింది.

మన ప్రాంతంలోనూ ఇటువంటి పనులకు కొదవ లేదు. బి.కాం. విద్యార్థి ఒక అకౌంటెంటు కార్యాలయంలో వ్యాపారి కొనుగోలు బిల్లులను జీఎస్‌టీఆర్-2బి నివేదికతో సరిపోల్చి, తేడాల పట్టిక తయారు చేయవచ్చు. బి.ఎస్‌సి. విద్యార్థిని భీమవరం పరిసరాల్లోని ఆక్వా ప్రయోగశాలలో చెరువు నీటి ఉప్పదనం, పీహెచ్, కరిగిన ప్రాణవాయువు, అమ్మోనియా పరీక్షల ఫలితాలను నమోదు చేయవచ్చు. బి.ఏ. విద్యార్థి భూదాన్ పోచంపల్లిలో చేనేత సంఘం వస్త్రాలకు ఫొటోలు తీసి, తెలుగు, ఆంగ్ల వివరణలతో జాబితా రూపొందించవచ్చు. ముప్పై గంటల పనిలోనే, అంకెలతో కాలం గడపడం తనకు ఇష్టమో కాదో విద్యార్థికి అర్థమవుతుంది. ఇష్టం లేదని తెలిసినా అది నష్టం కాదు, సకాలంలో లభించిన సమాచారం.

పారితోషికం ఎందుకు ముఖ్యం?

వేతనం లేని ఇంటర్న్‌షిప్ పైకి అందరికీ సమానంగా కనిపిస్తుంది. వాస్తవానికి గ్రామం నుంచి నగరానికి వచ్చే విద్యార్థి గది అద్దె, భోజనం, బస్సు ఛార్జీలు సొంతంగా భరించాలి. వేసవి సెలవుల్లో పొలం పనికో, దుకాణంలో పనికో వెళ్లి మరుసటి ఏడాది ఫీజుకు కొంత కూడబెట్టుకొనే విద్యార్థి ఆ రాబడిని కూడా వదులుకోవలసి వస్తుంది. కావున ఉచిత సేవ కోరే అవకాశాలు ఆచరణలో స్తోమత గలవారికే అందుతాయి. పారితోషికం ఈ అంతరాన్ని తగ్గిస్తుంది. అంతేగాక, డబ్బు చెల్లించే సంస్థ పనిని స్పష్టంగా వివరిస్తుంది, ఫలితాన్ని పరిశీలిస్తుంది, లోపాలను ఎత్తి చూపుతుంది. విద్యార్థికి అసలైన శిక్షణ లభించేది అక్కడే.

విద్యా ప్రణాళికలో స్థానం

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో సవరించిన డిగ్రీ పాఠ్య ప్రణాళికలో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. మొదటి సంవత్సరం తరువాత 2 నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరం తరువాత 2 నెలల ఇంటర్న్‌షిప్, చివరి సంవత్సరంలో 6 నెలల ఇంటర్న్‌షిప్‌గా దానిని విభజించారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2024లో వెలువరించిన మార్గదర్శకాలు నాలుగవ సెమిస్టరు తరువాత 60 నుంచి 120 గంటల ఇంటర్న్‌షిప్‌ను, అందుకు 2 నుంచి 4 క్రెడిట్లను సూచించాయి. అనగా 30 గంటల పనికి ఒక క్రెడిట్ లభిస్తుంది.

క్రెడిట్ లభించే ప్రతి పనికీ డబ్బు లభించదు, డబ్బు లభించే ప్రతి పనికీ క్రెడిట్ లభించదు. ఈ వ్యత్యాసాన్ని విద్యార్థులు గ్రహించాలి. క్రెడిట్ కోరేవారు పని ప్రారంభించడానికి ముందే కళాశాల నుంచి అనుమతి పొందడం శ్రేయస్కరం.

అప్రెంటిస్‌షిప్ వేరు

స్వల్పకాలిక ప్రాజెక్టును అప్రెంటిస్‌షిప్‌గా భావించరాదు. అప్రెంటిస్‌షిప్ 1961 నాటి చట్టం పరిధిలోనిది, రిజిస్టరు చేసిన ఒప్పందంతో నెలల తరబడి సాగుతుంది. ఇంజనీరింగేతర పట్టభద్రులకు కూడా 2014 సవరణ ద్వారా ఆ చట్టం వర్తించింది. 2019లో సవరించిన నిబంధనలు పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు కనీసం రూ.9,000 స్టైపెండ్ నిర్దేశించాయి. 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి స్టైపెండ్ పెంపునకు సిఫారసు చేసింది.

అదేవిధంగా, 2024 అక్టోబరు 3న ప్రయోగాత్మకంగా ప్రారంభమైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కూడా వేరు. 12 నెలల కాలానికి నెలకు రూ.5,000 సాయంతో రూపొందిన ఆ పథకం తొలి దశలో 21 నుంచి 24 ఏళ్ల యువతకు ఉద్దేశించబడింది. పూర్తికాలపు చదువులో ఉన్నవారిని ఆ దశలో అనర్హులుగా పేర్కొన్నారు. రోజూ తరగతులకు హాజరయ్యే విద్యార్థికి కొద్ది గంటల ప్రాజెక్టు పనులే అనువైనవి.

ఒప్పందంలో ఉండవలసిన అంశాలు

పని చిన్నదైనప్పటికీ అంగీకారం లిఖితపూర్వకంగా ఉండాలి. ఈ-మెయిల్ ద్వారా జరిగినా సరిపోతుంది. అందులో ఈ క్రింది విషయాలు స్పష్టంగా ఉండాలి.

– అప్పగించవలసిన పని ఏమిటి, ఎన్ని గంటలు పట్టవచ్చు, గడువు ఎప్పుడు
– మొత్తం పారితోషికం ఎంత, ఏ తేదీలోపు, ఏ పద్ధతిలో చెల్లిస్తారు
– పనిని పర్యవేక్షించి సూచనలు ఇచ్చేది ఎవరు, ఎన్ని సార్లు సవరణలు కోరవచ్చు
– పూర్తయిన పనిని విద్యార్థి తన నమూనాగా ఇతరులకు చూపవచ్చునా, గోప్యత పాటించాలా

భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం 18 సంవత్సరాలు నిండనివారు ఒప్పందం చేసుకొనడానికి అర్హులు కారు. డిగ్రీ మొదటి సంవత్సరంలో 17 ఏళ్ల వయసు వారు కూడా ఉంటారు కనుక, అటువంటివారు తల్లిదండ్రులు, కళాశాల అధ్యాపకుల ద్వారానే ముందుకు వెళ్లాలి. చెల్లింపులో మూలం వద్ద పన్ను కోత విధించినట్లయితే, ఆదాయం పన్ను పరిమితికి లోబడి ఉన్న విద్యార్థి రిటర్ను దాఖలు చేసి ఆ మొత్తాన్ని తిరిగి పొందవచ్చు.

ఎదురు డబ్బు అడిగితే జాగ్రత్త

ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయిన చోట దానిని అమ్మేవారు కూడా బయలుదేరుతారు. రిజిస్ట్రేషన్ రుసుము, శిక్షణ రుసుము, వాపసు ఇచ్చే డిపాజిట్ వంటి పేర్లతో డబ్బు కోరి, నాలుగు వీడియోలు చూపి ధ్రువపత్రం పంపడం ఒక పద్ధతి. చిన్న చిన్న ఆన్‌లైన్ పనులకు మొదట కొంత చెల్లించి, తరువాత పెద్ద మొత్తం జమ చేయించుకొని మాయమవడం మరొక పద్ధతి. పని చేసే వ్యక్తికి డబ్బు రావాలి తప్ప, ఆ వ్యక్తి నుంచి డబ్బు పోరాదు. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే మోసాలలో అధికభాగం నివారించవచ్చు. ఓటీపీ, బ్యాంకు పాస్‌వర్డు ఎవరికీ తెలుపరాదు, తన ఖాతాను ఇతరుల లావాదేవీలకు ఇవ్వరాదు. ఆన్‌లైన్‌లో మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి.

అమెరికాలో చదువుతున్న తెలుగు విద్యార్థులకు మరొక హెచ్చరిక అవసరం. ఎఫ్-1 వీసాపై ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు. ప్రాంగణం వెలుపల పారితోషికంతో కూడిన పని ఎంత చిన్నదైనా, ముందస్తు అనుమతి లేకుండా చేయడం వీసా నిబంధనల ఉల్లంఘన అవుతుంది. కావున తమ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని ముందుగా సంప్రదించాలి.

పని ముగిసిన తరువాత

పారితోషికం అందడంతో ప్రయోజనం పూర్తి కాదు. ఏ పని చేశాను, ఎన్ని గంటలు పట్టింది, ఎక్కడ పొరపాటు జరిగింది, ఏ భాగం ఉత్సాహం కలిగించింది, ఏ భాగం విసుగు పుట్టించింది అనే అంశాలను విద్యార్థి ఒక పేజీలో రాసి ఉంచుకోవాలి. ఒక ఏడాదిలో వేర్వేరు రంగాలకు చెందిన రెండు మూడు పనులు చేసి, ఆ పేజీలను పక్కపక్కన పెట్టి చదివితే తన అభిరుచి ఎటువైపు ఉందో తేటతెల్లమవుతుంది. ఉద్యోగ ఇంటర్వ్యూలో కూడా ధ్రువపత్రం కంటె ఈ వివరాలే బలమైన సమాధానాలవుతాయి.

ఈ ప్రయత్నంలో కళాశాలల పాత్ర కీలకమైనది. చుట్టుపక్కల గల దుకాణదారులు, సహకార సంఘాలు, చిన్న పరిశ్రమలు, ఆడిటర్ల వద్ద ఏ పనులు ఉన్నాయో ప్రిన్సిపాళ్లు, అధ్యాపకులు తెలుసుకొని నోటీసు బోర్డులో ఉంచితే, నగరం వెళ్లే స్తోమత లేని విద్యార్థికి కూడా అవకాశం అందుతుంది. చిన్న వ్యాపారులు సైతం విద్యార్థుల శ్రమకు తగిన ప్రతిఫలం చెల్లించి ప్రోత్సహించాలి. ఏ వృత్తిలో స్థిరపడాలో నిర్ణయించుకొనే ముందు, ఆ వృత్తి గడపలో కొన్ని గంటలు గడిపే ఈ అవకాశాన్ని విద్యార్థులు సద్వినియోగం చేసుకోవాలి.